‘మంచిగనే ఉన్న’... ఆ ఒక్క మాట వెనుక!

కామాటిపుర, ఫాక్‌లాండ్ రోడ్డు చాళ్లల్లో వలసజీవుల గుండెబరువు

‘ఎట్లున్నవ్ బిడ్డా?’

‘మంచిగనే ఉన్న.’

ఊరికీ ముంబయికీ మధ్య నడిచే ఫోన్లు చాలామటుకు ఈ రెండు మాటలతో మొదలవుతాయి. చాలాసార్లు వీటితోనే అయిపోతాయి కూడా. పక్కన నలుగురు పడుకుని ఉంటారు. చెక్క గోడ అవతల ఇంకో నలుగురు. గొంతు పెంచితే అందరికీ వినబడుతుంది. జీతం రాలేదంటే అమ్మకు నిద్ర పట్టదు. మిత్తి కట్టలేదంటే నాయిన ఊళ్లో తలెత్తుకోలేడు. రాత్రిళ్లు గుండె దడదడలాడుతోందంటే భార్య తెల్లారేసరికి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేస్తుంది. అందుకని, ‘మంచిగనే ఉన్న’. ఫోన్లు లేని రోజుల్లో మనియార్డరు ఫారం అడుగున రెండు ముక్కలు రాసుకోవడానికి కాస్త జాగా ఉండేది. అక్కడా ఇదే మాట.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ పల్లెల్లో ఓ నానుడి. బతుకుదెరువుకు ఉన్న మూడు దారులు అవి. సింగరేణి బాయిలో దిగేవాడి కష్టం గురించి యూనియన్లు మాట్లాడాయి. గల్ఫ్ గోస గురించి పాటలు వచ్చాయి, పత్రికలు రాశాయి. నడిమి దారి అన్నిటికన్నా పాతది. అయినా పట్నంలో బతికేవాడి మనసుకు ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కూలి గిట్టిందా, పైసలు పంపిండా... అంతవరకే లెక్క.

పేరులోనే మనవాళ్లు

కామాటిపుర పేరు చెప్పగానే లోకానికి గుర్తొచ్చేది ఒకటే. కానీ ఆ పేరు కామాటీలది. నిజాం ఇలాకా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చి, తట్టా పారా పట్టి బొంబాయిని కట్టిన తెలుగు కూలీలను ఇక్కడ కామాటీలు అన్నారు. 18వ శతాబ్దం చివర్లో వర్లీ వైపు సముద్రపు పోటును ఆపుతూ హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేశాక, అంతకుముందు నీళ్లు నిలిచే పల్లపు నేలలు మెల్లగా ఎండాయి. అలా తేలిన నేల మీదే ఈ వాడ లేచింది. ఆ తర్వాత రేవులు, రైలు కట్టలు, మిల్లులు... ఎక్కడ పునాది తవ్వినా అక్కడ మనవాళ్ల చెమట ఉంది.

ఫాక్‌లాండ్ రోడ్డుకు 1848-53 మధ్య బొంబాయి గవర్నరుగా చేసిన లార్డ్ ఫాక్‌లాండ్ పేరు పెట్టారు. తర్వాత దాన్ని పఠ్ఠే బాపూరావ్ మార్గ్ చేశారు. ఆయన లావణీలు కట్టిన తమాషా కవి. దొర పేరు పోయి ఆటపాటల మనిషి పేరు రావడం ఈ రోడ్డుకు బాగానే అమరింది. ఎందుకంటే ఇక్కడి నాటకశాలల వల్ల ‘ప్లేహౌస్’ అన్న ఇంగ్లిషు మాట జనం నోట్లో నలిగి ‘పీలా హౌస్’ అయింది. నాటకాలు పోయి సినిమా హాళ్లు వచ్చాయి. ఆల్ఫ్రెడ్ లాంటి హాళ్లలో చవక టికెట్టు కొనుక్కుని లోపలికెళ్లిన కూలీల్లో సినిమా చూసినవాళ్లు ఎందరో, ఫ్యాను కింద కునుకు తీసినవాళ్లూ అందరు ఉంటారు. దాన్ని సోమరితనం అనుకుంటే పొరపాటు. ఆ మూడు గంటల నిద్ర ఒక మందు.

నిద్రకు వంతులు

నగర జీవితంలో ఒత్తిడి అనగానే ఏసీ ఆఫీసులు, టార్గెట్లు, ట్రాఫిక్ గుర్తొస్తాయి. చాల్‌లో ఒత్తిడి మొదలయ్యేది నిద్ర దగ్గర. మిల్లులు నడిచిన కాలంలో ఒక్కో ఖోలీలో పది పదిహేను మంది ఉండేవారు. రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాడు పగటి షిఫ్టువాడు లేచిన చాప మీదే ఒరిగేవాడు. చాప చల్లారేది కాదు. ఎవడి ట్రంకు పెట్టె వాడిది, తాళం వాడిది. తక్కినదంతా ఉమ్మడి. నల్లా ఉమ్మడి, మరుగుదొడ్డి ఉమ్మడి, వరండా ఉమ్మడి. ఇప్పుడు చాలా గదుల్లో కుటుంబాలున్నాయి, కొన్నిటిలో బ్యాగులు కుట్టే కార్ఖానాలు నడుస్తున్నాయి. అయినా నల్లా దగ్గర వరుస, మరుగుదొడ్డి దగ్గర వరుస అన్ని చోట్లా పోలేదు. పొద్దున్నే నీళ్లు వచ్చే ఆ కాసేపటికి ఇల్లంతా లేచి ఉండాలి. ఆ వంతు కాసే పని ఆడవాళ్లదే. రాత్రి అందరికన్నా ఆలస్యంగా పడుకుని, పొద్దున అందరికన్నా ముందు లేచే మనిషిని ‘ఊరికే చిరాకు పడుతుంది’ అనడం మన ఇళ్లల్లో మామూలే!

శబ్దం సంగతి సరేసరి. మన దేశంలో 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. ఫాక్‌లాండ్ రోడ్డులో తోపుడు బండి, టెంపో, గ్రాంట్ రోడ్ స్టేషన్ రైలు కూత, కింద గల్లీలో పేచీ... ఈ లెక్క ఎవరు చూడాలి? చెవి అలవాటు పడుతుంది, నిజమే. ఒళ్లు మాత్రం అలవాటు పడదు. నిద్రలోనే గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. మనిషికి మెలకువ రాకపోయినా నిద్ర లోతు తగ్గుతుంది. పొద్దున లేచేసరికి ‘పడుకున్నా గని పడుకున్నట్టు లేదు’ అనిపిస్తుంది.

ఇది చాల్‌వాళ్లు తమకు తాము అల్లుకున్న బాధ కాదని చెప్పడానికి లెక్కలున్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, దేశంలోని పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది. పల్లెల్లో అది 7 శాతంలోపే. మెట్రో నగరాల్లో దాదాపు 15 శాతం. అంటే రెండింతలు! సమస్య ఉన్నవాళ్లలో చాలామందికి వైద్యమే అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది.

అడ్రసూ ఒక బరువే

ఇక్కడివాళ్లకు ఇంకో బరువు ఉంది. దక్షిణ ముంబయిలో మరెక్కడా లేనిది. అది అడ్రసు.

రేషన్ కార్డులో, ఆధార్‌లో, స్కూలు సర్టిఫికెట్‌లో కామాటిపుర అని ఉంటే ఎదుటివాడి చూపు మారుతుంది. ఉద్యోగం ఇంటర్వ్యూలో మారుతుంది. పెళ్లిచూపుల్లో మారుతుంది. అందుకే ‘ఎక్కడుంటారు?’ అంటే ‘బాంబే సెంట్రల్’ అనో ‘నాగ్‌పాడా’ అనో చెప్పడం పిల్లలు ముందే నేర్చుకుంటారు. ఉత్తరాల మీద పిన్‌కోడ్ 400008 రాసి గల్లీ నంబరుతో సరిపెడతారు. అబద్ధం చెప్పడం కాదిది, నిజాన్ని కొంచెం పక్కకు జరపడం. కానీ రోజూ జరుపుతూ ఉంటే అలుపొస్తుంది. తాతముత్తాతల పేరు మీద వెలసిన వాడ పేరును నోటితో చెప్పలేకపోవడం చిన్న అవమానం కాదు. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ సినిమా విడుదలకు ముందు, కామాటిపుర పేరు వాడొద్దంటూ స్థానిక ఎమ్మెల్యే, ఇక్కడివారు బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ పిటిషన్లను కొట్టేసింది, సినిమా ఫిబ్రవరి 25న విడుదలైంది. బయటివాళ్లకు అది సినిమా వివాదం. లోపలివాళ్లకు పిల్లల పెళ్లి సంగతి.

ఆ వృత్తిలో ఉన్న ఆడవాళ్లలోనూ తెలుగువాళ్లున్నారు. ఈ మాట చెప్పకుండా దాటేయడం మన సంఘాలకు అలవాటు. ఒకప్పటితో పోలిస్తే వారి సంఖ్య బాగా తగ్గింది, కొన్ని గల్లీలకే పరిమితమైంది. అయినా ‘మంచిగనే ఉన్న’ అని ఊరికి ఫోన్ చేసేవాళ్లలో అందరికన్నా ఒంటరివాళ్లు వాళ్లే. ఏం పని చేస్తున్నారో ఇంట్లో చెప్పలేరు, ఎక్కడ ఉంటున్నారో చెప్పలేరు. వాళ్ల పిల్లల కోసం ‘ప్రేరణ’ సంస్థ 1988లో కామాటిపురలో రాత్రి సంరక్షణ కేంద్రం తెరిచింది. తల్లి పనిలో ఉన్న వేళ పిల్లవాడికి తిండి, చదువు, నిశ్చింతగా పడుకునే చోటు. ఆ తల్లికి అంతకు మించిన మనశ్శాంతి మందు ఏ డాక్టరూ రాయలేడు. ఈ వృత్తిలోని మహిళలను గౌరవంగా చూడాలని, ఆధార్ కార్డులివ్వాలని 2022 మేలో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆదివారం ఊరికే రాలేదు

వారానికి ఒక రోజు సెలవు అన్నది దేవుడిచ్చిన వరమేం కాదు. 19వ శతాబ్దంలో బొంబాయి మిల్లు కూలీలకు పొద్దు పొడిచింది మొదలు కుంగేదాకా పని. పండగకు తప్ప సెలవు లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన మిల్లు కూలీల సంఘం పెట్టి ఏళ్లకేళ్లు కొట్లాడితే, 1890 జూన్ 10న ఆదివారం సెలవుకు యజమానులు ఒప్పుకున్నారు. లోఖండే, మహాత్మా ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజం మనిషి. ఆ సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. జాయా కరాడీ లింగు, వ్యంకూ బాళోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు... మన పిల్లల్లో ఎంతమందికి ఈ పేర్లు తెలుసు?

ఆదివారం దొరికాక దాన్ని మనవాళ్లు ఉత్తగా పోనియ్యలేదు. ఊరి సంఘం కూడేది. ఒక్కో ఊరివాళ్లకు ఒక్కో ఖోలీ, ఒక్కో డబ్బా, ఒక్కో పెద్దమనిషి. నెలకింత అని వేసుకునేవారు. ఎవడైనా మంచాన పడితే ఆ డబ్బాలోంచే మందులు. పోతే శవం ఊరికి చేరేది ఆ డబ్బాతోనే. కొత్తగా వచ్చిన పిల్లగాణ్ని పనిలో పెట్టించేదీ సంఘమే, తాగి తిరిగితే నలుగురిలో కూర్చోబెట్టి తిట్టేదీ సంఘమే. శనివారం రాత్రి భజన. హార్మోనియం, తాళాలు, గొంతు ఎండేదాకా పాట. భక్తి ఎంతో దేవుడికెరుక. వారమంతా మేస్త్రీ ముందు ఎత్తని గొంతు ఆ రాత్రి ఎత్తేవారు. భజనకు వెళ్లొచ్చినవాడు హాయిగా నిద్రపోయేవాడంటే అందులో మహిమ ఎంత ఉందో, పదిమంది మధ్య నోరారా పాడటంలోనూ అంతే ఉంది. ఆడవాళ్లకు బతుకమ్మ తొమ్మిది రోజులు. చాల్ ముందు చప్పట్లు కొడుతూ తిరిగే ఆ గంటలో, ఏడాది పొడుగునా నల్లా దగ్గర కొట్లాడుకున్న ఇద్దరు పక్కపక్కనే నడుస్తారు.

నెలనెలా భిశీ, అంటే చిట్టీ కూడా అలాంటిదే. పైసల కోసం వేసేదే అయినా, నెలకోసారి అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే ఏర్పాటు అది. ఎవడు రాలేదో, ఎవడు కట్టలేదో, ఎవడి ముఖం పీక్కుపోయిందో అక్కడ తెలిసిపోయేది. పాతవాళ్లు దీన్ని కౌన్సెలింగ్ అనలేదు. పేరు లేకపోయినా పని జరిగింది.

తాడు తెగిన రోజు

అయితే ఈ ఏర్పాట్లన్నీ ఒక తాడు మీద వేలాడాయి. పని ఉండాలి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మిల్లు సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు. ఆ సమ్మెను విరమించినట్టు ఎవరూ అధికారికంగా ప్రకటించనే లేదు. మిల్లులే మూతబడ్డాయి. పరేల్, లోయర్ పరేల్, వర్లీ వైపు మగ్గాల మీద బతికిన పద్మశాలీ కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు భివండి పవర్‌లూముల్లో చేరారు, కొందరు షోలాపూర్‌కో సూరత్‌కో పోయారు, కొందరు ఊరికి మళ్లారు. నలభై ఏళ్లు దాటిన నేతగాడు వాచ్‌మన్ అయ్యాడు. చేతిలో పని ఉన్న మనిషి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే మనిషి అయితే లోపల ఏమవుతుందో ఆ ఇళ్లవాళ్లను అడగాలి. కూలి తగ్గిన బాధ కొంత కాలానికి సర్దుకుంటుంది. ‘నేను పనికిరాను’ అన్న బాధ సర్దుకోదు.

2020 లాక్‌డౌన్‌లో అదే తాడు ఇంకోసారి తెగింది. మార్చి 25 నుంచి పని బంద్. అద్దె మాత్రం బంద్ కాలేదు. పది బై పది గదిలో ఎనిమిది మంది రాత్రింబవళ్లు కూర్చుంటే దూరం పాటించేదెక్కడ? మేలో బస్సులూ లారీలూ ఎక్కి జగిత్యాల, మంచిర్యాల వైపు చేరినవాళ్లకు ఊళ్లో ఎదురైన మాట ‘ముంబయి నుంచి వచ్చిండు, దగ్గరికి పోకుండ్రి’. పట్నంలో పరాయివాడు, ఊళ్లో రోగం మోసుకొచ్చినవాడు. రెండు చోట్లా తలుపు మూసుకున్న అనుభవం అది. మందు లేని గాయం.

సీసా దగ్గర తేడా తెలియాలి

ఇక అందరికీ తెలిసిన, ఎవరూ మాట్లాడని విషయం. ఒత్తిడికి చాల్‌లో అతి చవకగా, అతి దగ్గరగా దొరికే మందు ‘మందే’. ఒక గ్లాసుతో ఒంటి నొప్పి తగ్గుతుంది, నిద్ర పడుతుంది. కొన్నాళ్లకు అదే నిద్రను పాడుచేస్తుంది. తాగి పడుకున్నవాడికి అర్ధరాత్రి దాటాక మెలకువ వస్తుంది, గుండె దడ, చెమట, ఏదో భయం. ఆ భయానికి మళ్లీ సీసా. చవక సారా ఎంత పని చేస్తుందో 2015 జూన్‌లో మాల్వణీలో చూశాం. కల్తీ సారాకు వంద మందికి పైగా బలయ్యారు.

తెలంగాణ నుంచి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది. కల్తీ కల్లు. చెట్టు కల్లు పేరుతో అమ్మే దాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజోపాం, ఆల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. ఊళ్లో రోజూ అది తాగడానికి అలవాటు పడినవాడు రైలెక్కి ముంబయిలో దిగుతాడు. రెండో రోజుకు చేతులు వణకడం మొదలవుతుంది. నిద్ర ఉండదు. ఎవరెవరో పిలుస్తున్నట్టు, గోడల మీద ఏవో పాకుతున్నట్టు ఉంటుంది. కొందరికి ఫిట్స్. ‘పట్నం పడలేదు, గాలి సోకింది’ అని తాయెత్తు కడతారు. అది గాలీ కాదు, ధూళీ కాదు. అలవాటైన మత్తు ఒక్కసారిగా ఆగినందుకు మెదడు చేసే గొడవ. 2020 మార్చి ఆఖర్లో కల్లు దుకాణాలు, వైన్ షాపులు మూతపడితే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం బారులు తీరింది దీనికే.

అందుకే గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ‘ఇయ్యాల్టి నుంచి బంద్’ అని ఒట్టేసి గదిలో ఒక్కడే పడుకోకూడదు. ఆపిన మొదటి కొన్ని రోజులు ప్రమాదం. వణుకు, చెమట, మాట తడబాటు, ఫిట్స్, లేనివి కనబడటం... వీటిలో ఏది వచ్చినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానాలన్న మనసు మంచిదే. డాక్టర్ పర్యవేక్షణలో మానితే ప్రాణానికి భరోసా.

‘గ్యాస్’ అనుకుంటే...

మనవాళ్లు మనసు బాగోలేదని డాక్టర్ దగ్గరికి వెళ్లరు. కడుపులో మంట, ఛాతీలో పట్టేసినట్టుండటం, తల దిమ్ము, అరికాళ్ల మంటలు, ఒళ్లు నొప్పులు... ఇవే చెబుతారు. గల్లీ డాక్టర్ గ్యాస్ మాత్ర ఇస్తాడు. నెల గడిచినా తగ్గదు. ఈసీజీ తీస్తే బాగానే ఉంటుంది. ఛాతీ నొప్పి వస్తే ముందు గుండె చూపించుకోవాల్సిందే, అందులో రాజీ లేదు. కానీ అన్నీ బాగున్నాయన్నా నొప్పి పోకపోతే, మనసు ఒంటి ద్వారా మాట్లాడుతోందేమో చూడాలి.

మామూలు దిగులుకూ, డిప్రెషన్‌కూ తేడా గుర్తుపట్టడానికి వైద్యులు వాడే కొలత కష్టమైనదేం కాదు. రెండు వారాలు. ఆ రెండు వారాలూ దాదాపు ప్రతిరోజూ, రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైన దాని మీద కూడా మనసు పోకపోవడం. దాంతోపాటు నిద్ర చెదరడం, తిండి సయించకపోవడం, పని మీద ధ్యాస కుదరకపోవడం, ‘నేనుండి ఏం లాభం’ అన్న ఆలోచన. ఇలా ఉంటే అది బలహీనత కాదు, జబ్బు. షుగరు, బీపీల్లాగే దానికీ వైద్యముంది. మాత్రలు మొదలుపెట్టిన మర్నాడే పని చేయవు, రెండు మూడు వారాలు పడుతుంది. తగ్గిందనిపించగానే సొంతంగా మానేయకూడదు, ఇంకొన్ని నెలలు వాడాలి. చాలామంది చెడేది ఈ రెండు చోట్లే.

ఖోలీలో తోటివాడు ఎవరితోనూ మాట్లాడకుండా, సామాను పంచిపెడుతూ, బాకీలన్నీ ఒక్కసారిగా లెక్కలు చూసుకుంటూ ఉంటే నేరుగా అడగాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తుందా?’ అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అలా పుట్టదు. ఎవరో ఒకరు అడిగినందుకే ఆగినవాళ్లున్నారు. పోలీసు కేసవుతుందన్న భయమూ ఇప్పుడక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించినవాడిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలంది. శిక్ష వేయొద్దంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షనే లేదు.

కూతవేటులో నాయర్

విచిత్రం ఏమిటంటే, కామాటిపురకు దగ్గర్లోనే ముంబయి సెంట్రల్ పక్కన మునిసిపాలిటీ వారి నాయర్ ఆసుపత్రి ఉంది. అటు బైకుల్లా వైపు నడిస్తే ప్రభుత్వ జేజే ఆసుపత్రి. రెండింటిలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. కాలు విరిగితే పరుగెత్తి వెళ్లే గేటే అది. మనసు విరిగితే మాత్రం ఆ గేటు కనబడదు. వెళ్లినవాడు పొద్దున్నే వెళ్లాలి, కేసు పేపరు తీయించుకోవాలి, వరుసలో కూర్చోవాలి. ఒక పూట కూలి పోతుంది. అది నిజంగానే భారం. అయినా నెలనెలా గ్యాస్ మాత్రలకూ సీసాలకూ పోయేదానితో పోలిస్తే తక్కువే.

భాష అడ్డం అనిపిస్తే ఫోన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్, నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితం. తెలుగులోనూ మాట్లాడొచ్చు. పేరు, ఊరు చెప్పి తీరాలన్న బలవంతం లేదు. ఖోలీలో నలుగురి మధ్య మాట్లాడలేకపోతే బయటికి నడవండి. చౌపాటీ ఇసుక మీదకో, గవాలియా ట్యాంక్ మైదానానికో, బైకుల్లా రాణీబాగ్‌కో. చాల్ బతుకులో ఏకాంతం కావాలంటే జనంలోకే పోవాలి మరి! నడవడమూ మందే. వారంలో నాలుగైదు రోజులు అరగంట గట్టిగా నడిస్తే నిద్ర మెరుగుపడుతుంది, దిగులు తగ్గుతుంది. నాగ్‌పాడా పిల్లలు బాస్కెట్‌బాల్‌లో పేరు తెచ్చుకున్నారంటే ఆ ఇరుకు గల్లీల మధ్య కాస్త ఆటస్థలం మిగిలినందుకే.

ఇంటివాళ్లూ ఒక పని చేయొచ్చు. ‘ఎట్లున్నవ్’ అని అడిగి ఊరుకోకుండా ‘రాత్రి ఎన్ని గంటలు పడుకున్నవ్? ఏం తిన్నవ్? ఎవరితో మాట్లాడినవ్?’ అని అడగాలి. ఈ ప్రశ్నలకు ‘మంచిగనే ఉన్న’ సమాధానం కాదు.

కొత్త బిల్డింగులో డబ్బా ఎక్కడ?

ఇప్పుడు కామాటిపుర మొత్తానికే రూపు మారబోతోంది. 1 నుంచి 15 వరకు గల్లీలున్న దాదాపు 34 ఎకరాల నేలను ఒకేసారి పునర్నిర్మించేందుకు మ్హాడా ప్రణాళిక వేసింది. పాత పగిడీ కిరాయిదార్లకు 500 చదరపు అడుగుల ఇళ్లని ప్రకటించారు. సుమారు 8 వేల మంది కిరాయిదార్లు, దుకాణదార్ల సంగతి ఇది. టేకులు పెట్టి నిలబెట్టిన చాళ్లల్లో వానాకాలం ప్రాణాలరచేతిలో పెట్టుకుని బతికేవాళ్లకు ఇది కావాల్సిందే. సొంత మరుగుదొడ్డి, సొంత నల్లా... ఆడవాళ్ల సగం ఒత్తిడి అక్కడే పోతుంది.

కానీ మధ్యలో ఏళ్లు ఉన్నాయి. అప్పటిదాకా ఎవరెక్కడుంటారు? ఇప్పటికే కొత్త తరం కల్యాణ్, డోంబివిలీ, భివండి, నవీ ముంబయి వైపు జరిగిపోయింది. లోకల్‌లో రానుపోను రోజుకు మూడు గంటలు. పేరు మీద ఇల్లు లేని కిరాయి కూలీకి, ఖోలీలో చాపంత జాగాకు పైసలు కట్టేవాడికి 500 అడుగుల లెక్కలో చోటు లేదు. పదిమంది కలిసుండే ఊరి ఖోలీ పోతే ఊరి సంఘం ఎక్కడ కూడుతుంది? భజన ఎక్కడ? బతుకమ్మ పేర్చేది లిఫ్టు ముందా, పార్కింగులోనా?

మ్హాడా పత్రాల్లో ఈ ప్రశ్నలు ఉండవు. సంఘాల పెద్దమనుషులు మీటింగుల్లో అడగాల్సినవి ఇవే. ఇంటి వైశాల్యంతోపాటు కింద ఒక హాలు, పిల్లలకు ఆట జాగా, వరుసగా ఒంటరి కూలీలు ఉండటానికి అద్దె గదులు. కొన్ని సంఘాల డబ్బాలు ఇంకా నడుస్తున్నాయి. నెలకింత వేసుకునే లెక్కల పుస్తకంలో శవం పంపిన ఖర్చు ఒక పద్దు, మంచాన పడినవాడి మందుల ఖర్చు ఒక పద్దు. మనసు బాగోలేనివాడిని నాయర్‌కు తోలుకెళ్లడానికి ఒక మనిషి పోగొట్టుకున్న ఒక పూట కూలి... ఆ పద్దు ఇంకా ఎవరూ రాయలేదు.